మంచం ముందర ఉప్పునీళ్ళు

గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసిన రోజున డాక్టరమ్మ చెప్పింది కొద్ది మాటలే. "బాత్‌రూమ్‌కి తప్ప మంచం దిగకూడదు. కూర్చోవడం కూడా తగ్గించు. బిడ్డ నిలవాలంటే నువ్వు పడుకోవాలి." అప్పటికి నాకు నాలుగో నెల. అంతకుముందు ఒకసారి అయిదో నెలలో బిడ్డను పోగొట్టుకున్నదాన్ని కాబట్టి నేను ఎదురు ప్రశ్న వేయలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆసుపత్రి నుంచి మన్సూరాబాద్‌లో మేం అద్దెకుండే ఇంటికి కారు వెనక సీట్లో పడుకుని వచ్చాను. మా ఆయన, కారు డ్రైవరు కలిసి నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా పైకి మోశారు. ఇంటి ఓనరు భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, నా చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడకుండా పట్టుకుని వెనకాలే వచ్చింది.

మా పడకగదికి ఒకటే కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ. పూత పూయని ఎర్ర ఇటుకలు, వాటి మీదుగా కిందికి దిగిన డ్రైనేజీ పైపు. ఆకాశం కనపడాలంటే తలగడ మీద మెడ బాగా వెనక్కి వంచాలి, అప్పుడు కూడా జానెడు ముక్క. నేను అప్పటిదాకా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి, అరుస్తూ, చాక్‌పీసు పొడి మింగుతూ బతికినదాన్ని. అలాంటిదాన్ని ఒక్కసారిగా తెచ్చి పడుకోబెడితే మొదట్లో నిద్ర వచ్చింది, తరవాత ఏడుపు వచ్చింది, ఆ తరవాత మా ఆయన మీద కోపం వచ్చింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళగలడు. అదే నాకు తప్పుగా కనపడేది.

ఆయన ఆఫీసు నగరానికి అటు చివర. పోనూ రానూ ట్రాఫిక్‌లో గంటలు గంటలు పోయేవి. ఒకరోజు ఆఫీసు నుంచే ఫోన్ చేశారు. "మా టీమ్‌లో ఒకతను బెంగళూరు వెళ్ళిపోతున్నాడు. పెద్ద ఫిష్ ట్యాంకు అమ్మేస్తున్నాడు, స్టాండుతో సహా. తెచ్చేదా? రెండు గోల్డ్‌ఫిష్ వేద్దాం, నీకు పొద్దుపోతుంది."

"గోల్డ్‌ఫిష్ నాకొద్దు," అన్నాను. "సముద్రం చేపలైతేనే తెండి. పాలిప్స్ కూడా కావాలి."

"పాలిప్స్ అంటే?"

ఎలా చెప్పను? ఏళ్ళ తరబడి ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద పాలిప్ బొమ్మ గీశాను. పగడపు దిబ్బలు కట్టేది ఈ చిన్న ప్రాణులే, వీటికి నోరు ఒకటే, తినడానికైనా విసర్జించడానికైనా అదే దారి అంటే వెనక బెంచీలు నవ్వేవి. ఒక్కదాన్ని కూడా నేను బతికుండగా చూడలేదు. పుట్టి పెరిగింది కాకినాడలోనే అయినా, మా సముద్రంలో నేను ఎరిగినవి బురదనీళ్ళు, వలలు, ఎండుచేపల వాసన, అంతే. అదంతా ఫోన్లో చెప్పలేక, "ముందు ట్యాంకు తీసుకురండి," అన్నాను.

ట్యాంకు వచ్చిన ఆదివారం మెట్ల దగ్గర గొడవైంది. ఓనరును మేం అంకుల్ అనేవాళ్ళం, ఆయన ఆర్టీసీ బస్సు డ్రైవరు. వాళ్ళది నల్గొండ వైపు పల్లెటూరు. సిటీకి వచ్చి డ్యూటీల మీద డ్యూటీలు చేసి ఒక్కో అంతస్తూ కట్టుకున్న మనిషి. ఆయన గొంతు పైకి స్పష్టంగా వినపడింది.

"ఏంది సార్ గిది?"

"ఫిష్ ట్యాంకండీ. ఆవిడ కోసం."

"నీళ్ళు పోస్తే ఎంత బరువైతదో ఎరుకేనా? నా స్లాబు కూలితే నువ్వు కట్టిస్తవా?"

ఆంటీ అడ్డుపడింది. "పైన పిల్ల మంచంల పడి ఉన్నది. జర ఊకో."

అంకుల్ గొణుక్కుంటూనే పైకి వచ్చారు. నా వైపు చూడకుండా గది నాలుగు గోడలూ అరచేత్తో తట్టి, నా మంచానికి ఎదురుగా ఉన్న గోడ దగ్గర ఆగారు. "గీడ బీముంది. గీ గోడకు ఆనిచ్చి పెట్టుండ్రి. మల్ల జరపొద్దు." అని దిగిపోయారు.

నాకు ఒళ్ళో లాప్‌టాప్, ఆయనకు చేతిలో బకెట్. అలా మొదలైంది మా పని. మా బోరు నీళ్ళు బకెట్ల అంచులకు తెల్లటి పెచ్చు కట్టించే రకం, వాటిని పోస్తే లాభం లేదు. వంటింటి ఫిల్టరు కింద డ్రమ్ము పెట్టి, సన్నటి ధారతో అది నిండేదాకా ఓపిక పట్టాం. ఉప్పు చెన్నై నుంచి పార్సిల్‌లో వచ్చింది. "కళ్ళుప్పు వేస్తే కాదా? సముద్రంలోదే కదా అదీ," అన్నారు ఆయన. కాదు, సముద్రంలో ఉండేవన్నీ ఉండాలి, కాల్షియం, మెగ్నీషియం అన్నీ, అని పాఠం మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. నీళ్ళలో ఉప్పు పాలు చూడటానికి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, నీళ్ళు పోస్తే అందులో ముల్లు పైకి లేస్తుంది. ఆయన దాన్ని నింపి నా కళ్ళ ముందుకు తెచ్చేవారు. నేను పడుకునే చూసి, "ఇంకాస్త వేయండి," అనేదాన్ని. మళ్ళీ కలపడం, మళ్ళీ తేవడం.

ఒకసారి డ్రమ్ము ఒరిగి ఉప్పునీళ్ళు గదంతా పారాయి. ఆయన గుడ్డతో తుడుస్తుంటే నేను, "మంచం కోళ్ళ దగ్గర కూడా తుడవండి, తుప్పు పడుతుంది," అన్నాను.

ఆయన గుడ్డ నేలకేసి కొట్టారు. "అన్నీ మంచం మీంచి చెప్తావు. చేసేది నేను."

"అయితే జరగండి, లేచి నేనే చేసుకుంటాను."

అన్నానే గానీ లేవలేనని ఇద్దరికీ తెలుసు. ఆయన తడి నేల మీదే గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నాకూ ఎక్కడికన్నా పోవాలనిపిస్తోందే," అన్నారు. అది విన్నాక ఆయన చెప్పుల మీద నాకు కోపం తగ్గింది.

నీళ్ళు నింపి, తెల్లటి ఎండు రాళ్ళు పేర్చాక చేపలు వేయడానికి లేదు. ముందు నీళ్ళకు ప్రాణం రావాలి. ఎల్బీ నగర్ నుంచి పచ్చి రొయ్యలు తెప్పించి ఒకటి ట్యాంకులో వేయించాను. మిగతావి కూరకని ఆంటీకి ఇస్తే ఆవిడ ట్యాంకు ముందు నిలబడి ముక్కు మీద వేలేసుకుంది.

"తినేదాన్ని నీళ్ళల్ల కుళ్ళబెడ్తరా? గిదేం చదువు బిడ్డా?"

చెప్పాను. రొయ్య కుళ్ళితే విషం పుడుతుంది, ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు పుడతాయి, అవి వదిలినదాన్ని తినే ఇంకో రకం పుడతాయి, అవన్నీ రాళ్ళలో స్థిరపడితే చేపలు బతుకుతాయి.

"అంటే మురిగినంక గని మంచిగ కాదన్నట్టు."

"అంతే ఆంటీ."

ఆ వాసన వేవిళ్ళు తగ్గిన మనిషికి కూడా మళ్ళీ వేవిళ్ళు తెప్పించేది. కిటికీ తెరిస్తే డ్రైనేజీ, మూస్తే రొయ్య. ఆయన రోజూ చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసి మందు చుక్కలు వేసి చూపించేవారు. రంగు ఆకుపచ్చగా ఉంటే విషం ఉన్నట్టు, పసుపుకు దిగితే పోయినట్టు. ఎన్నాళ్ళు చూసినా ఆకుపచ్చే. నేను వట్టి నీళ్ళనూ, తెల్ల రాళ్ళనూ చూస్తూ పడుకునేదాన్ని. వచ్చినవాళ్ళందరూ, "చేపలేవీ?" అని అడిగేవాళ్ళు. మా కాలేజీ నుంచి వచ్చిన టీచరైతే జాలిగా నా చెయ్యి పట్టుకుంది, నాకేదో అయిందనుకున్నట్టుంది.

రాళ్ళ మీద గోధుమ రంగు దుమ్ములాంటిది పట్టి, అదంతట అదే పోయాక గొట్టంలో పసుపు రంగు వచ్చింది. మా ఆయన సిటీలో ఒక షాపు వెతికి పట్టుకుని బటన్ పాలిప్స్ ఉన్న చిన్న రాయి తెచ్చారు. గట్టి పగడాలు అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, ఇవైతే ఇస్తానన్నాడట షాపతను. నీళ్ళలో పెట్టినప్పుడు అవి ముడుచుకుని ఉడికిన బఠానీల్లా ఉన్నాయి. చచ్చినవి అంటగట్టాడనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం నేను కునుకు తీసి కళ్ళు తెరిచేసరికి విచ్చుకుని ఉన్నాయి. ఆకుపచ్చ పళ్ళేలు, చుట్టూ అంచుకు మీసాల్లాంటి సన్నని స్పర్శకాలు. నేను బోర్డు మీద స్పర్శకాలను ఎప్పుడూ నిటారుగా, ముగ్గు గీతల్లా గీసేదాన్ని. అవి అలా ఉండవు. నీటి ఊపుకు ఒకటి ఒంగుతుంది, ఒకటి వెనక్కి పడుకుంటుంది, ఒకటి ఉన్నట్టుండి నోటి వైపు మడుచుకుంటుంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. చెప్పుకోవడానికి ఎవరూ లేక కడుపు మీద చెయ్యి వేసుకుని లోపలున్నదానికే చెప్పాను, చూడవే అని.

తరవాత చేపలు వచ్చాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్నవి రెండు, వేలెడంత నీలం చేప ఒకటి. నీలంది వచ్చిన రోజు నుంచీ ట్యాంకంతా తనదే అన్నట్టు మిగతా రెండింటినీ నీళ్ళు తిప్పే పంపు వెనక మూలకు తరిమేది. అవి అక్కడే, పక్కపక్కనే, ఒకే చోట ఊగుతూ ఉండేవి.

సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకలజనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. అంకుల్ యూనిఫాం తాడు మీద ఆరేసి ఇంట్లో కూర్చున్నారు. బొగ్గు గనుల్లో పని ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. ఎల్బీ నగర్ చౌరస్తా మాకు దగ్గరే, గాలి ఇటు తిరిగితే డప్పులు, నినాదాలు మంచం మీదికే వచ్చేవి. మా అమ్మ కాకినాడ నుంచి రావాలి. ఆమె ఎక్కాల్సిన రైలు రద్దయింది. మళ్ళీ టికెట్ తీస్తే మళ్ళీ రద్దు. ఫోన్లో అమ్మ ఏడ్చేది, నేను ట్యాంకు గురించి చెప్పి మాట మార్చేదాన్ని.

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ కింద వరండాలో అంకుల్ స్నేహితులు, డిపోవాళ్ళు, చేరి మాట్లాడుకుంటుంటే ఆ మాటలు కిటికీ సందులోంచి పైకి వచ్చేవి. 'ఆంధ్రోళ్ళు' అన్న మాట వినపడిన ప్రతిసారీ నా మనసు అక్కడే ఆగిపోయేది. ఆ తరవాత ఏమన్నారో వినపడేది కాదు, వినపడని భాగాన్ని నేనే నింపుకునేదాన్ని. నడిచే మనిషినైతే కిందికి దిగి ఆంటీ వంటింట్లో కూర్చుంటే పోయేది. పడుకున్న మనిషికి ఆ వీలు లేదు.

"విజయవాడ వెళ్ళిపోదాం. మా అక్కయ్య వాళ్ళింట్లో ఉందువు గాని," అన్నారు మా ఆయన.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "కారులోనా? అంత దూరమా? కుట్టు తెగితే దారిలో ఎవరున్నారు?" అంది. అంతటితో ఆ మాట అయిపోయింది. ఇక్కడ ఉండలేం, ఇక్కణ్ణుంచి కదల్లేం.

అక్టోబరులో ఒక రోజు. అంతకుముందు రోజు ఆఫీసుకు వెళ్ళిన మా ఆయన రోడ్లు మూసేయడంతో అటే స్నేహితుడింట్లో ఉండిపోయారు. పొద్దున్నే ఆంటీ నాకు ఉప్మా, ఫ్లాస్కు నిండా పాలు, మంచినీళ్ళ సీసా మంచం పక్కన పెట్టింది. ఆ రోజు ఆడవాళ్ళంతా చౌరస్తాలో రోడ్డు మీదే వండుకుని, బతుకమ్మ ఆడబోతున్నారు. పట్టుచీర కట్టుకుంది. "మధ్యాహ్నంకల్ల ఒస్త బిడ్డా. ఏమన్నైతే ఫోన్ చెయ్యి."

ఆమె వెళ్ళిన కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద పంపు తిరుగుతూనే ఉంది. ఎండ గోడ మీదికి పాకే వేళకు ఇన్వర్టరు కూడా బీప్ బీప్‌మని ఆగిపోయింది. సెల్లుల మీద నడిచే చిన్న గాలి మోటారు ఉండాలి, కానీ సెల్లులు క్రితం రోజే అయిపోయాయి, షాపులు లేవు. పంపు ఆగగానే గదిలో పడిన నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. నీళ్ళు కదలడం మానేశాయి. ముందు పాలిప్స్ ముడుచుకున్నాయి. తరవాత చేపలు మూల వదిలి పైకి తేలి, నోళ్ళు నీటి అంచుకు పెట్టి తెరిచి మూయడం మొదలుపెట్టాయి. నీలం చేప తరమడం మానేసింది. మూడూ ఒకేచోట నోళ్ళు తెరుచుకుని.

ఆంటీకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మా ఆయనకు చేస్తే, "నేను ఇక్కణ్ణుంచి ఏం చేయగలను? నువ్వు మాత్రం లేవకు. చస్తే చచ్చాయి, లేవకు," అన్నారు. ఫోన్ పెట్టేశాను.

లేవాలనుకున్నాను. చెంబు తీసుకుని నీళ్ళు ఎత్తి పోస్తే చాలు, గాలి కలుస్తుంది. ట్యాంకు ఎంత దూరం? మంచం దిగి చెయ్యి చాపితే అందేంత. ఒక కాలు కింద పెట్టాను. గచ్చు చల్లగా తగిలింది. రెండో కాలు దించుతుంటే పొత్తికడుపులో సన్నగా లాగింది. నిజంగా లాగిందో భయానికి లాగిందో తెలియదు. కాళ్ళు పైకి తీసుకుని పడుకున్నాను. చూస్తూ పడుకోవడం మహా కష్టంగా ఉంది. కళ్ళు మూసుకుంటే నోళ్ళు తెరిచే చప్పుడు వినపడుతున్నట్టు ఉంది, అలాంటి చప్పుడేమీ ఉండదని తెలిసినా.

ఉప్మా తిన్న స్టీలు పళ్ళెం చేతికి అందింది. మంచం అంచు మీంచి వంగి దాంతో నేల మీద కొట్టాను. కిందివాళ్ళ పైకప్పు అదే కదా. ఆగకుండా కొట్టాను.

మెట్ల మీద పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు. తలుపు తోసుకుని అంకుల్ వచ్చారు, లుంగీ, బనీను, భుజాన తువ్వాలు. ట్యాంకు పెట్టిన రోజు తరవాత ఆయన మా గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైంది? నొప్పులా? దవాఖానకు పోదామా?"

"కాదంకుల్." ట్యాంకు వైపు చెయ్యి చూపించాను. "చేపలు."

"చేపలా?"

ఆయన ట్యాంకు వైపు చూశారు, నా వైపు చూశారు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నారు. "గంత గట్టిగ కొడ్తే నా పాణం పోయినంత పనైంది." తిడతారేమోనని చూస్తున్నాను. "సరే, ఏం జెయ్యాలె చెప్పు."

"వంటింట్లో చెంబుంది. నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పోయండి. ఆపకుండా పోయాలి. గాలి కలవాలి."

మొదటి చెంబుకే నీళ్ళు ముఖాన చిందాయి. "థూ, ఉప్పు!" అన్నారు. తరవాత చేతికి అలవాటైంది. చాయ్ తిరగబోసినట్టు, ఒక చేత్తో ఎత్తి, పల్చటి ధారగా. స్టూలు లాక్కుని కూర్చుని పోశారు, నడుము పట్టేస్తే నిలబడి పోశారు. నీళ్ళు పడే చప్పుడుకు నా గుండె నెమ్మదించింది.

"సమ్మె మొదలైనకాడికెల్లి చేతులు ఊకుంటలేవు," అన్నారు ఆయనే, నా వైపు తిరక్కుండా. "ఇన్నేండ్లల్ల పగటిపూట గిన్ని దినాలు ఇంట్ల కూసున్నది లేదు. స్టీరింగ్ లేకపోతే ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు చేతులు."

ట్యాంకులోకి తొంగిచూస్తూ అడిగారు, "గీ నీళ్ళేడివి? బోరువా?"

"కాదంకుల్, ఫిల్టరువి. బోరు నీళ్ళు వీటికి పడవు."

ఆయన చెయ్యి గాలిలో ఆగింది. "చేపలకు ఫిల్టరు నీళ్ళా?" అన్నారు. వెటకారంగా అనలేదు. మళ్ళీ పోయడం మొదలుపెట్టారు. పోస్తూనే చెప్పారు.

"మా అక్కున్నది ఊర్ల. నా కన్న పెద్దది, నన్ను సంకనేసుకుని సాదింది. మా దిక్కు బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటది, నీకెరుకే, చదువుకున్నదానివి. తాగి తాగి ఎముకలన్ని బిగుసుకపోయినయ్. నడుము ఒంగింది, మెడ లేవది. ఆమె గూడ నీ లెక్కనే మంచంలున్నది." చెంబు ముంచారు. "నువ్వు రేపు లేస్తవు. ఆమె లేవది. కృష్ణ మా జిల్లలకెల్లే పోతది బిడ్డా. సూస్కుంట కూసున్నం."

ఫ్లోరైడ్ గురించి నాకు తెలుసు. పాఠంలో ఉంది, ఫ్లోరోసిస్, నల్గొండ అని ఉదాహరణతో సహా. మార్కులు ఎన్ని వస్తాయో కూడా చెప్పేదాన్ని. చాలా రోజులుగా నాలుక చివర ఉన్న ప్రశ్న అప్పుడే బయటికి వచ్చింది.

"మా మీద కోపమా అంకుల్?"

"లేదంటే అబద్ధమైతది. ఉన్నది." ధార ఆగలేదు. "నీ మీద పెట్టుకుని నేనేం జేస్కోవాలె? నువ్వే మంచం దిగలేకున్నవు."

విచిత్రంగా ఆ మాటకు నాకు భయం తగ్గింది. కిటికీ సందులోంచి వినపడినవాటికంటే ఇది సూటిగా ఉంది. నేను నింపుకోవాల్సిన ఖాళీ ఏమీ మిగల్లేదు.

ఆంటీ వచ్చేసరికి పొద్దు వాలింది. గుమ్మంలో నిలబడి, మా గదిలో బనీనుతో చెంబు పట్టుకున్న మొగుణ్ణి చూసింది. "ఏం జేస్తున్నవయ్యా?" "కనబడ్తలేదా? చేపలకు నీళ్ళు తాపుతున్న. నువ్వు పట్టు, నా రెక్కలు పోయినయ్." ఆవిడ పట్టుచీర కొంగు దోపుకుని చెంబు అందుకుంది. దీపాలు పెట్టే వేళకు కరెంటు వచ్చింది. పంపు గురగురమంది.

నీలం చేప బతకలేదు. పట్టీల చేపలు రెండూ మర్నాటికి కోలుకున్నాయి. చచ్చినదాన్ని అంకుల్ కాగితంలో తీసుకెళ్ళి కింద కరివేపాకు చెట్టు మొదట్లో పెట్టారు. ఆ తరవాత కరెంటు పోతే నేను పళ్ళెం కొట్టే పని లేకపోయింది. ఇన్వర్టరు బీప్ కింది దాకా వినపడేది కాబోలు, ఆయనే వచ్చి స్టూలు లాక్కునేవారు. వరండాలో మాటలు అలాగే సాగేవి. 'ఆంధ్రోళ్ళు' అని వినపడితే నేను ఇంకా ఉలిక్కిపడేదాన్ని. కానీ పూర్తిగా విని, ఆయన పైకి వస్తే, "అలా అన్నారేంటంకుల్ పొద్దున?" అని అడిగేదాన్ని. ఆయన జవాబు చెప్పేవారు. ఒక్కోసారి అరుచుకున్నాం కూడా. నేను పడుకునే అరిచేదాన్ని.

సమ్మె విరమించారు. బస్సులు తిరిగాయి, అంకుల్ డ్యూటీకి వెళ్ళిపోయారు. అమ్మ వచ్చింది. కుట్టు విప్పేలోపే నొప్పులు వచ్చాయి గానీ, అప్పటికి పాప బయటికి వచ్చి బతికేంత ఎదిగింది. ఆడపిల్ల. బరువు తక్కువ, ఏడుపు మాత్రం వార్డంతా వినపడేది. ఇంటికి తెచ్చాక తెలిసింది, నేను ఆ పడకగదిలో ఉండలేనని. గుమ్మం దాటి లోపలికి అడుగుపెడితే చాలు, వెంటనే బయటికి వచ్చేసేదాన్ని. పిల్లను తీసుకుని హాల్లో చాప మీద పడుకున్నాను. ట్యాంకు నీళ్ళు తేటగా ఉన్నాయి, పాలిప్స్ రెట్టింపయ్యాయి, చేపలు గాజు దాకా వచ్చి ఎదురుచూసేవి. నేను మాత్రం వాటి ముందు నిలబడలేకపోయాను. అన్ని నెలలు చూసిన వాటిని ఇంకొక్క నిమిషం చూడలేకపోయాను.

మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌కు ఇచ్చేశాం. అందులో పని చేసే టీచరుకు నీళ్ళు మార్చడం, ఉప్పు కొలవడం నేర్పాను. ట్యాంకు మెట్లు దిగుతుంటే అంకుల్ ఇంట్లోనే ఉన్నారు, బయటికి రాలేదు. తరవాత చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగేశారు.

"రెక్కలిరగ పోసి బతికిస్తిమి. ఇచ్చేస్తివా?"

"నాకు ఆ గదిలో ఊపిరి ఆడటం లేదంకుల్."

ఆయన తల ఊపారు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. మెట్టు దిగబోతూ అన్నారు, "మా అక్క నిన్ను సూడాలంటున్నది. చేపల కత ఆమెకు జెప్పిన."

చలి తగ్గాక ఒక ఆదివారం వెళ్ళాం. మా ఆయన కారు తీశారు. అంకుల్ ముందు, ఆంటీ, నేను, పాప వెనక. దారిలో ఆంటీ కారు ఆపించి నా కోసం పెద్ద నీళ్ళ సీసా కొంది. పాప పుట్టాక నేను అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి. ఎల్బీ నగర్ దాటి హైవే ఎక్కాక అద్దం పూర్తిగా దించుకుని గాలి ముఖాన కొట్టించుకున్నాను.

అంకుల్ వాళ్ళ అక్క వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. నడుము దగ్గర మడత పెట్టినట్టు వంగిపోయి, ముఖం నేల వైపు. నేను నమస్కారం పెడితే ఆమెకు కనపడింది నా పాదాలే. "పిల్లను కిందికి తెండ్రి," అంది. ఆంటీ చాప పరిచి పాపను సరిగ్గా ఆమె చూపు పడే చోట పడుకోబెట్టింది. ఆమె చాలాసేపు చూసింది. బిగుసుకున్న చేతి వేళ్ళతో పాప పొట్ట తడిమింది. నేను కూడా ఆ చాప మీదే కూర్చున్నాను, అప్పుడు ఆమె ముఖం కనిపించింది. అంకుల్ కళ్ళే.

"మంచంల పండుకుని యాష్టకొచ్చిందా బిడ్డా?"

"చాలా విసుగొచ్చిందమ్మా."

"మరేం జేసినవ్?"

"చేపల్ని చూసేదాన్ని."

"నేను చీమలను సూస్త," అంది. "గీ గోడ మూలకెల్లి ఆ కంబం దాక పోతయ్. ఇయ్యాల పోయిన తొవ్వ రేపు పోవు. ఎందుకో ఏమో."

నాకు దాహమేసింది. గడప పక్కన బిందె, దాని మీద గ్లాసు బోర్లించి ఉన్నాయి. నా చెయ్యి అటు వెళ్ళడం ఆమెకు ఎలా తెలిసిందో, గొంతు ఒక్కసారిగా గట్టిగా లేచింది. "అవి ముట్టకు. పాలిచ్చేదానివి. సీసా తెచ్చిండ్రు గదా, అవి తాగు."

సీసా మూత తిప్పాను. ఆమె ముందు కూర్చుని ఆ నీళ్ళు మింగడం కష్టమైంది. ఆమె మాత్రం, "నిండ తాగు, పాలు పడాలె," అని తొందరపెట్టింది. నేను తాగి సీసా పక్కన పెట్టేదాకా ఆగి, "ఇగ చెప్పు," అంది. "అవి పువ్వుల లెక్క ఇచ్చుకుంటయంట గదా, మా తమ్ముడన్నడు. పాణమున్నయేనా?"

"ప్రాణమున్నవేనమ్మా."

"ఏం తింటయ్? నోరేడుంటది?"

మట్టి నేల మీద, ఆమె చూపు పడేచోట, పుల్లతో ఒక గుండ్రటి గీత గీశాను. చుట్టూ స్పర్శకాలు గీశాను, ఒకటి ఒంగినట్టు, ఒకటి వెనక్కి పడుకున్నట్టు. మధ్యలో నోరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. పాప చాప మీద కాళ్ళు ఆడిస్తోంది. కారు దగ్గర నుంచి మా ఆయన, పొద్దుపోతోందని, రెండుసార్లు పిలిచారు. ఆమె చెయ్యి ఊపి, "ఉండమను," అంది.